నీటి గట్టున పిల్లలు: వేసవి సెలవులకు ముందు తల్లిదండ్రులతో

(ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల వైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సెలవుల్లో పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వడదెబ్బ గురించో, విరేచనాల గురించో, రోజంతా ఫోను పట్టుకుని కూర్చోవడం గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అవన్నీ ముఖ్యమైనవే గాని, వాటిలో చాలావాటికి పిల్లవాణ్ణి ఆసుపత్రికి తెచ్చిన తరువాత కూడా మేము చేయగలిగింది ఎంతో కొంత మిగిలి ఉంటుంది. నీట మునిగిన పిల్లవాణ్ణి తెచ్చినప్పుడు మాత్రం, చేయవలసిందంతా గట్టు మీదనే, మొదటి నాలుగైదు నిమిషాల్లోనే జరగవలసి ఉండి జరగకుండా పోయి ఉంటుంది. అందువల్ల ఈ పూట నీళ్ల గురించి తప్ప మరొకటి మాట్లాడను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పసివాళ్లు. అయిదు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లల మరణాలకు కారణమవుతున్న వాటిలో ఇది మూడో స్థానంలో ఉంది. మన దేశంలో పోలీసు రికార్డులకు ఎక్కినవే, పెద్దలతో కలిపి, ఏటా 30 వేలకు పైగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో జిల్లా పేజీ తెరిస్తే ‘ఈతకు వెళ్లి ఇద్దరు విద్యార్థుల మృతి’ అన్న వార్త ఏదో ఒక మండలం పేరుతో కనబడుతూనే ఉంటుంది. ఊరు మనది కాకపోతే అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం.

మన ఇళ్లలో దీనిని జలగండమని చెప్పుకోవడం ఉంది. జాతకం చూసినవారు పిల్లవాడికి నీటిగండం ఉందని చెబితే, పన్నెండేళ్లు వచ్చేదాకా చెరువు వైపు పోనివ్వవద్దని నాయనమ్మ కట్టడి చేస్తుంది. ఆ నమ్మకంతో నాకు తగువు లేదు. అయితే దానివల్ల జరుగుతున్నదేమిటో చూడండి. గండం ఉందన్న పిల్లవాడికే ఈత నేర్పకుండా ఆపుతాం; పద్నాలుగో ఏట వాడు స్నేహితులతో కలిసి, ఇంట్లో చెప్పకుండా, ఈత రాకుండానే కాలువకు వెళతాడు. నీళ్లున్న చోట పెద్దవాళ్లు లేకపోవడం, పిల్లవాడికి ఈత రాకపోవడం, పట్టుకోవడానికి తాడో కర్రో అందుబాటులో లేకపోవడం, ఈ మూడూ ఒక చోట కలిసినప్పుడే ఎక్కువగా ప్రాణం పోతున్నది. మూడింటిలో ఏ ఒక్కదానినైనా మనం తప్పించగలిగితే ఆ పిల్లవాడు ఇంటికి వచ్చే అవకాశం ఎంతో పెరుగుతుంది.

ముందుగా, మునిగిపోవడం ఎలా ఉంటుందో తెలియాలి. సినిమాల్లో చూపించినట్లు మునిగేవాడు చేతులు పైకెత్తి ‘కాపాడండి’ అని అరవడు. అరవడానికి ఊపిరి కావాలి, ఆ ఊపిరికే అతను పెనుగులాడుతుంటాడు. నోరు నీటి పైకి రావడం, మళ్లీ లోపలికి పోవడం జరుగుతుంటుంది. చేతులు రెండు పక్కలకూ చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి. తల వెనక్కి వాలి ఉంటుంది. చూపు ఎక్కడా నిలవదు. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్లే ఉంటుంది. ‘వాడు ఉత్తుత్తినే చేస్తున్నాడనుకున్నాం’ అని పక్కన ఉన్న పిల్లలు తరువాత చెప్పేది ఇందువల్లనే. ఇదంతా ఒక నిమిషంలోపే ముగిసిపోతుంది, చిన్నపిల్లల విషయంలో అంత సమయం కూడా ఉండదు. కాబట్టి నీళ్ల దగ్గర పిల్లవాడు అల్లరి చేస్తూ అరుస్తుంటే ధైర్యంగా ఉండండి, అల్లరి ఆగిపోయి చప్పుడు లేకపోతే వెంటనే లేచి చూడండి.

నడక వచ్చిన దగ్గర నుంచి నాలుగైదేళ్ల దాకా ప్రమాదం చెరువులో కన్నా ఇంట్లోనే ఎక్కువ. ఆ వయసులో శరీరంతో పోలిస్తే తల బరువు. బొమ్మ పడిందనో, నీళ్లు కొట్టి ఆడుకోవాలనో బకెట్టులోకి వంగిన పాప తలకిందులుగా పడితే, తనంతట తాను లేవలేదు. అందుకు జానెడు లోతు కూడా అక్కరలేదు, ముక్కూ నోరూ మునిగేన్ని నీళ్లు చాలు. నల్లా రెండు రోజులకోసారి వచ్చే ఊళ్లలో డ్రమ్ములు, బిందెలు, తొట్లు నింపి పెట్టుకోక తప్పదని నాకు తెలుసు. నింపినవాటికి మూత పెట్టండి, స్నానాల గది తలుపుకు పిల్లవాడికి అందనంత ఎత్తులో గడియ పెట్టించండి, వాడేసిన బకెట్టును బోర్లించండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది నీళ్ల సంపు. ఇల్లు కట్టేటప్పుడు క్యూరింగు కోసం ముందుగా సంపు తవ్వి నీళ్లు నింపుతారు. మూతగా ఒక రేకు ముక్కో, చెక్కో వేస్తారు. మేస్త్రీ దగ్గర పనిచేసే దంపతుల పిల్లలు అక్కడే, ఇసుక కుప్ప పక్కనే ఆడుకుంటుంటారు. వాళ్లు ఎవరి పిల్లలైనా, ఇల్లు మీదయినప్పుడు ఆ సంపు బాధ్యత మీదే. ఇనుప మూత, దానికి తాళం, మొత్తం ఖర్చు గుమ్మానికి పెట్టే టైల్స్ ఖర్చులో ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి.

ఇక ఊరి బయట సంగతి. మన పిల్లలు మునుగుతున్నవి పెద్ద నదుల్లో మాత్రమే కాదు. మునుపటి తరంలో చెరువంటే ఎక్కడ లోతో, ఎక్కడ మెరకో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు పూడిక తీసినప్పుడు, మట్టి తోలుకుపోయినప్పుడు చెరువు మధ్యలో నిలువు గోతులు పడుతున్నాయి. ఇసుక తవ్విన వాగుల్లోనూ అంతే. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తరువాతి అడుగు రెండు నిలువుల గోతిలో వేస్తాడు. పైన నీరు ఎర్రగా ఉండడం వల్ల అడుగు కనిపించదు. నిరుడు ఆడుకున్న చోటే ఈ ఏడు ప్రమాదం జరగడానికి కారణం ఇదే. ‘మాకు తెలిసిన చెరువే కదా’ అన్న ధీమా ఇక పనికిరాదు.

రెండోది పంట కుంట. రైతులకు ఎంతో మేలు చేసినది, కాదనను. కాని అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటను ఒక్కసారి దగ్గరకు వెళ్లి చూడండి. గట్టు ఏటవాలుగా ఉంటుంది, షీటు మీద సన్నగా నాచు పట్టి ఉంటుంది. చెంబు ముంచుకుందామని ఒక కాలు పెట్టిన పిల్లవాడు జారి లోపలికి పోతాడు. ఈత వచ్చినా సరే పైకి రాలేడు, ఎందుకంటే వేళ్లు పట్టు దొరికించుకోవడానికి రాయి లేదు, గడ్డి లేదు, వేరు లేదు. ఒకరిని తీయబోయిన ఇంకొకరు కూడా అలాగే జారతారు. కుంట ఉన్న రైతులు ఇక్కడ ఎవరైనా ఉంటే వారికి నా విన్నపం ఒకటే. చుట్టూ కంచె వేయించండి. అది వేసేలోగా, ఈ వారమే, నాలుగు వైపులా గట్టు మీద గట్టి గుంజలు పాతి, మూరెడు మూరెడు దూరంలో ముడులు వేసిన లావుపాటి తాళ్లను నీటి అడుగు దాకా వేలాడదీయండి. పాత టైర్లను తాడుతో వరుసగా కట్టి దించితే నిచ్చెనలా ఇంకా బాగా పనిచేస్తుంది. సిమెంటు లైనింగు చేసిన పెద్ద కాలువల్లోనూ ఇదే ఇబ్బంది, పైగా అక్కడ ప్రవాహం కూడా ఉంటుంది. ఆ కాలువలో బట్టలు ఉతకడానికీ, గేదెలను కడగడానికీ పిల్లలను పంపవద్దు. తూముల దగ్గర, లాకుల దగ్గర, మత్తడి దూకే చోట నీరు లోపలికి లాగుతుంది. అక్కడ ఈతగాళ్లు కూడా తేలలేరు.

పిల్లలను కొట్టి, తిట్టి, నీళ్ల వైపు పోనివ్వకుండా చేస్తే చాలదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. చాలదు. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, చేతిలో పని లేని పన్నెండేళ్ల పిల్లవాణ్ణి నీళ్లు పిలిచినట్లు ఇంకేదీ పిలవదు. వద్దని మాత్రమే చెప్పి ఊరుకుంటే చాటుగా వెళతాడు, చాటుగా వెళ్లినప్పుడు పెద్దవాళ్లు లేని వేళనూ, మనుషులు తిరగని చోటునూ ఎంచుకుంటాడు. ఇంకో ఘోరం కూడా జరుగుతుంటుంది. ఒకడు మునిగిపోతే మిగతా పిల్లలు, ఇంట్లో తెలిస్తే చంపేస్తారన్న భయంతో, ఎవరితోనూ చెప్పకుండా ఇళ్లకు పోయి కూర్చుంటారు. చీకటి పడ్డాక గట్టు మీద బట్టలు చూసి ఊరు వెతకడం మొదలుపెడుతుంది. అందువల్ల ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలతో ఒక మాట స్పష్టంగా చెప్పండి: ‘మేము వద్దన్న చోటికే వెళ్లినా సరే, ఏదైనా జరిగితే గట్టిగా అరిచి దగ్గర ఉన్న పెద్దవాళ్లను పిలవండి, అందుకు మిమ్మల్ని ఒక్క దెబ్బ కూడా కొట్టం.’ ఆ మాట ఇచ్చిన తరువాత నిలబెట్టుకోండి.

వద్దనడంతో పాటు నేర్పించాలి. పాత రోజుల్లో వ్యవసాయ బావిలో తండ్రో, మేనమామో పిల్లల నడుముకు జీలుగు బెండ్లు గాని, ఎండిన సొరకాయ బుర్రలు గాని కట్టి, ఒడ్డున తాడు పట్టుకుని ఈత నేర్పేవారు. బావులు పూడిపోయాయి, పెద్దవాళ్లకు తీరిక పోయింది, ఈత మాత్రం పిల్లలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకునే విద్యగా మిగిలింది. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఈత అది. పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లో, ఇంటి ముందు ఒకటి, వెనక ఒకటి కుంటలుండే పల్లెల్లో ఏం చేశారో చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కువగా మునుగుతున్నది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్య, అంటే తల్లులు వంటలోనూ పనిలోనూ ఉండే వేళ అని గమనించి, ఆ నాలుగు గంటలూ పిల్లలను ఊళ్లోనే ఒక చోట చేర్చి చూసుకునే ఏర్పాటు చేశారు. ఆ వయసు దాటిన పిల్లలకు ఊరి కుంటలోనే వెదురు కట్టలతో చుట్టూ దడి కట్టి, అడుగున వెదురు తడకే పరిచి ఈత నేర్పారు. అక్కడ ఈత వచ్చిందని ఒప్పుకోవాలంటే పిల్లవాడు 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి, నీళ్లలోకి దిగకుండానే ఇంకొకరిని కాపాడటం చేసి చూపించాలి. ఈ రెండింటివల్లా మరణాలు బాగా తగ్గాయి. మనకు ఆ నాలుగు గంటలు చూసుకోవడానికి అంగన్‌వాడీలు ముందే ఉన్నాయి. వేసవిలో వాటి వేళల గురించి, సెలవుల గురించి మీ పంచాయతీలో అడగవలసింది మీరే.

ఆడపిల్లలకు ఈత ఎందుకండీ అని ఒక తల్లి ఇందాక టీ తాగేటప్పుడు నాతో అన్నారు. కాలువ మెట్ల మీద బట్టలు ఉతికేది ఎవరమ్మా? జారి పడిన తమ్ముడి కోసం ముందు వెనకలు చూడకుండా దిగేది ఎవరు? ఈత అవసరం వారికే ఎక్కువ. ఆడపిల్లలకు వేరే వేళ కావాలంటే అడిగి పెట్టించుకోండి, బట్టలు ఏవి వేసుకోవాలన్న దగ్గరే ఆలోచన ఆపవద్దు.

పదమూడు దాటిన పిల్లల సంగతి వేరు, వారికి ఈత వచ్చి ఉండవచ్చు. వారి ప్రాణం తీసేది ధైర్యం. నీళ్ల కింద ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారన్న పందెం ఒకటి. గబగబా ఊపిరి తీసుకుని దిగితే, ఊపిరి పీల్చాలన్న తహతహ రాకముందే మెదడుకు ప్రాణవాయువు తగ్గి స్పృహ పోతుంది. నొప్పి గాని, హెచ్చరిక గాని ఉండదు. లోతు తెలియని చోట తలకిందులుగా దూకి మెడ ఎముక విరగ్గొట్టుకుని, బతికి బయటపడినా జీవితాంతం మంచానికి అతుక్కుపోయినవారున్నారు. ఇంటర్, డిగ్రీ పిల్లల విహారాల్లో మద్యం కూడా చేరుతున్నదని మనం తెలియనట్లు నటించి లాభం లేదు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో జరిగినది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా, పైన ఉన్న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చి 24 మంది విద్యార్థులను తీసుకుపోయింది. చదువుకున్న పిల్లలే, ఈతకు దిగినవారు కూడా కాదు. ఆనకట్టకు దిగువన ఉన్న నది ఎండిపోయినట్లు కనబడినా అది ఎండిన నది కాదని మన పిల్లలకు చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగిన తరువాత, బోటు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ ఇవ్వండని అడగడానికి ఎవరూ మొహమాటపడకూడదు. ఇచ్చినదాన్ని ఉక్కపోస్తోందని విప్పి ఒళ్లో పెట్టుకోకూడదు, పట్టీలు బిగించి వేసుకుని ఒడ్డు చేరేదాకా ఉంచుకోవాలి.

విశాఖ, సూర్యలంక, ఓడరేవు వైపు వెళ్లేవారికి ఒక ముక్క. సముద్రంలో రెండు వైపులా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా శాంతంగా కనబడితే, అక్కడ దిగడం మంచిదని పొరబడతారు. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పోయేది తరచుగా ఆ పాయ గుండానే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీది అలసిపోవద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక వెనక్కి రావాలి. ఈత రానివారు మోకాలి లోతు దాటవద్దు. అలలు ఎక్కువగా ఉండే రోజుల గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార సంస్థ హెచ్చరికలు ఇస్తుంది, బయలుదేరే ముందు వార్తల్లో చూసుకోండి.

ఇప్పుడు అసలైన మాట. ఒకడు మునుగుతుంటే రెండోవాడు దూకుతాడు, రెండోవాణ్ణి చూసి మూడోవాడు. ఒకే ఇంటి నుంచి, ఒకే వీధి నుంచి మూడు నాలుగు ప్రాణాలు పోయే వార్తల్లో చాలావరకు ఇలా జరిగినవే. మునిగేవాడు దగ్గరకు వచ్చినవారి మెడను ఇనుప పట్టు పట్టి వారి మీదికి ఎక్కడానికి చూస్తాడు, అది అతని తప్పు కాదు. అందుకే శిక్షణ లేనివారు దిగకూడదు. గట్టు మీద బోర్లా పడుకుని కర్ర అందించాలి. అందకపోతే తాడు విసరాలి. తాడు లేకపోతే పంచె, తువాలు, దుప్పటి, ఏదైనా సరే. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయం దగ్గర నలుగురు యువకులు మునుగుతుంటే, బట్టలు ఉతకడానికి వచ్చిన ముగ్గురు మహిళలు తమ చీరలు విప్పి కలిపి ముడివేసి విసిరి, ఇద్దరిని పైకి లాగారు. మీ బావి దగ్గర, కుంట దగ్గర ఒక ఐదు లీటర్ల ఖాళీ నూనె క్యానుకు ఇరవై గజాల తాడు కట్టి కొక్కానికి తగిలించండి. క్యానులో గ్లాసెడు నీళ్లు పోసి మూత గట్టిగా బిగిస్తే, విసిరినప్పుడు గాలికి పక్కకు పోకుండా దూరం వెళుతుంది, మిగతా గాలి వల్ల తేలుతుంది. దానిని పిల్లల చేత విసిరించి అలవాటు చేయండి, ఆట కూడా అవుతుంది.

పైకి తీసిన తరువాత మన దగ్గర జరుగుతున్న పొరపాట్లు కొన్ని ఉన్నాయి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా గిరగిర తిప్పడం, భుజాన వేసుకుని పరుగెత్తడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. కడుపులో నీళ్ల వల్ల ప్రాణం పోవడం లేదు. మెదడుకు ప్రాణవాయువు అందక పోతున్నది. పొట్ట నొక్కితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ఆశ కూడా పోతుంది. శవాన్ని గంటల తరబడి ఉప్పులో కప్పి ఉంచితే బతుకుతారని వాట్సాప్‌లో తిరిగేది పచ్చి అబద్ధం, నమ్మి కన్నవారి చేత ఆ పని చేయించినవారున్నారు.

చేయవలసింది ఇది. ఒకరు 108కి ఫోను చేయాలి. పిల్లవాణ్ణి వెల్లకిలా చదునైన చోట పడుకోబెట్టి, భుజం తట్టి పిలిచి చూడాలి. పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే, నోట్లో నాచో మట్టో కనబడితే తీసేసి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో నోట్లోకి ఊపిరి ఊదాలి. గుండెపోటు వచ్చిన పెద్దవారికి ఛాతీ నొక్కడం మొదట చెబుతాం, నీట మునిగినవారికి ఊపిరి మొదట. రెండు నుంచి ఐదు సార్లు, ఛాతీ పైకి లేచేలా ఊదిన తరువాత, రెండు చనుమొనల మధ్య ఎముక మీద అరచేతి మడమతో ముప్పై సార్లు గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కాలి. ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి దిగాలి. మళ్లీ రెండు ఊపిరులు, మళ్లీ ముప్పై నొక్కులు. ఏడాదిలోపు పసివాళ్లకు నోరూ ముక్కూ కలిపి మన నోటితో మూసి మెల్లగా ఊదాలి, ఛాతీని రెండు చేతులతో చుట్టి బొటనవేళ్లతో నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా, లేదా పిల్లవాడు కదిలేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని మాట్లాడినా తడి బట్టలు విప్పి, వెచ్చగా కప్పి, ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత ముదరవచ్చు.

వెనక వరుసలో ఒక తండ్రి చెయ్యి ఎత్తారు. మూర్ఛ వచ్చే పిల్లవాడికి ఈత నేర్పవచ్చా అని అడుగుతున్నారు. మందులు తప్పకుండా వాడుతూ, చాలాకాలంగా మూర్ఛ రాని పిల్లలకు, మీ డాక్టరును అడిగి నేర్పవచ్చు. అయితే పక్కన అతని మీదే కన్ను వేసి ఉంచే, ఈత వచ్చిన పెద్దమనిషి ఒకరు తప్పక ఉండాలి. బావి దగ్గర, తొట్టి దగ్గర ఒంటరిగా స్నానానికి పంపవద్దు. ఇంట్లో కూడా కూర్చుని చెంబుతో పోసుకునేలా, తలుపు గడియ పెట్టుకోకుండా అలవాటు చేయండి.

మాటల్లో చెబితే చేతికి రాదు. వరండాలో చాప మీద పెద్ద బొమ్మ ఒకటి, పసిబిడ్డ బొమ్మ ఒకటి పెట్టించాను, మా నర్సులిద్దరు అక్కడ ఉన్నారు. ఒక్కొక్కరు వచ్చి రెండు ఊపిరులు ఊది, ముప్పై సార్లు నొక్కి వెళ్లండి. పగలు ఇంటి దగ్గర ఉండే నాయనమ్మలు, అమ్మమ్మలు ముందు రండి. మోకాళ్ల మీద కూర్చోలేనివారి కోసం బల్ల మీద కూడా ఒక బొమ్మ ఉంది. పై తరగతుల పిల్లలను మాస్టారు ఆ తరువాత పంపిస్తారు.